అడగండి చెప్తాం: స్టేజీ మీద కనపడని అవార్డు

ప్రశ్న: అన్నా, నాకు పాత అమెరికా సీరియల్స్ అంటే పిచ్చి. 2025 జనవరి 6 సోమవారం పొద్దున ఆరున్నరకే ఉగ్గాని బజ్జి ప్లేటు ముందర పెట్టుకుని హాలీవుడ్ సినిమాలకి, టీవీకి ఇచ్చే గోల్డెన్ గ్లోబ్స్ అవార్డుల లైవ్‌కి కూర్చున్యా. టెడ్ డాన్సన్‌కి కెరీర్ అవార్డు అన్నారు కదా, స్టేజీ మీద తీసుకుంటాడని కాచుకుంటే బజ్జీలు అయిపాయె, షో అయిపాయె, ఆ అవార్డు మాత్రం ఇయ్యలే. యాడన్న మిస్సయినానా?
– సాయినగర్, అనంతపురం

జవాబు: నువ్వేం మిస్సు కాలేదప్పా, టీవీ వాళ్లకిచ్చే ఆ కారొల్ బర్నెట్ అవార్డు ఆయనకి అప్పటికే ఇచ్చేసినారు. అక్కడి లెక్కలో షో 5వ తేదీ ఆదివారం, ఈయనకి ఇచ్చింది 3వ తేదీ శుక్రవారం రాత్రి, విడిగా డిన్నరు పెట్టి. సినిమా వైపు ఇచ్చే సెసిల్ బి. డిమిల్ అవార్డు కూడా ఆ రాత్రే నటి వయోలా డేవిస్‌కి ఇచ్చినారు. అంతకుముందు ఇవి మెయిన్ షో మధ్యలోనే ఉండేవి, పాత క్లిప్పులు వేసి, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టి, ఆ పెద్దమనిషి తీరిగ్గా మాట్లాడి, బలే ఉండేది. ‘చీర్స్’ అని 1982 నించి 1993 దాకా 11 సీజన్లు నడిచిన సీరియల్లో బార్ నడిపిన మనిషి ఆయన, పెండ్లికి పిలిచి ముందురోజే అన్నం పెట్టి పంపించినట్ల చేసినారు, నాకైతే నచ్చలే.

ప్రశ్న: ఆ అవార్డుకి కారొల్ బర్నెట్ పేరు ఎందుకు పెట్టినారు సార్? నామినేషన్లు ఉంటాయా?
– కర్నూలు

జవాబు: నామినేషన్లు గీమినేషన్లు ఏం లేవు, ఎవరికిస్తారో ముందే చెప్పేస్తారు, పోటీయే లేదు. డిమిల్ అవార్డు 1952 నించే ఉంది గానీ టీవీ వాళ్లకని విడిగా పెట్టింది 2019లో, మొదటిది ఆమెకే ఇచ్చి ఆమె పేరే పెట్టినారు. 2021లో టీవీ నిర్మాత నార్మన్ లియర్‌కి ఇచ్చినప్పుడు ఆయనకి 98 ఏండ్లు.

ఇంగ ఆమె సంగతి. 1967 నించి 1978 దాకా అమెరికా టీవీ చానెల్ సీబీఎస్‌లో ఆమె కామెడీ షో వచ్చేది. మొదట్లోనే హాల్లో లైట్లు వేయించి, జనం ఏం అడిగినా అక్కడికక్కడే జవాబు చెప్పేది (మన శీర్షిక మాదిరే, కాకపోతే మాకు ఆలోచించుకోడానికి వారం టైముంటుంది). షో చివర్లో చెవి ఒకసారి ఇట్ల లాగేది. చూసేవాళ్లు అదేదో స్టైల్ అనుకునేవాళ్లు, కాదు, ఆమెని పెంచిన అవ్వకి సైగ అది, ‘అవ్వా, నేను బాగుండా’ అని. అవ్వ పోయినాక కూడా ఆ అలవాటు మానలే.

ప్రశ్న: నంది అవార్డులో నంది మన లేపాక్షి నందేనా?
– గుంతకల్లు

జవాబు: అదే. జిల్లాలు విడిపోయినాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ అనంతపురమోళ్లు ఇప్పటికీ మా నందే అంటారు, అనుకోనీ.

ప్రశ్న: మా జేజినాయన 40 ఏండ్లు నాటకాల్లో కృష్ణుడి వేషం వేసినాడు. ఆయనకి మిగిలింది రెండు శాలువలు, ఒక షీల్డు. మన పక్క వాళ్లకి ఇట్లాంటి పెద్ద అవార్డులు యాడన్న వచ్చినాయా?
– కడప

జవాబు: సినిమావోళ్లకి వచ్చినాయి. బి.ఎన్. రెడ్డికి 1974 సంవత్సరానికి, తమ్ముడు నాగిరెడ్డికి 1986కి దాదాసాహెబ్ ఫాల్కే, ఇద్దరూ మీ కడప జిల్లా మనుషులే. నాటకాల వైపు చూస్తే సురభి వాళ్లు మీ జిల్లాలోని సురభి ఊర్లోనే 1885లో మొదలుపెట్టినారు, వాళ్లలో సురభి బాబ్జీకి పద్మశ్రీ వచ్చింది 2013లో. అంటే 128 ఏండ్లకి! వేషం కట్టినోళ్లకి శాలువ కప్పి ఫోటో తీసి పంపించేది మనకి బాగా అలవాటైపోయింది, టీవీ వాళ్లకేమో రాత్రికి రాత్రి స్టారు అని బిరుదులు. షీల్డు సంగతి పక్కన పెట్టు, ఈ ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి రాయబారం పద్యాలు పాడించి ఫోన్లో రికార్డు చేసుకో, హార్మోనియం లేకున్నా పర్లేదు. రాగం తీసేటప్పుడు మధ్యలో ఫోను వస్తుంది, ముందే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకో.