మట్టి ఆనకట్ట కింద ఉన్న ఊళ్లో ఇల్లు కట్టుకోవచ్చా?

"మా ఊరికి ఎగువన వరద ఆపడానికి కట్టిన మట్టి ఆనకట్ట ఉంది. పాతబడింది. దాని కింద స్థలం కొని ఇల్లు కట్టుకుంటే ప్రమాదమా?" అని అడిగారు. కట్టుకోవచ్చు. మీరు మట్టి అనే మాట దగ్గరే భయపడుతున్నట్టున్నారు. భయపడాల్సింది మట్టికి కాదు. నీళ్లు బయటికి పోయే దారి బాగుందా లేదా అన్నదే అసలు సంగతి.

మాది తిరుపతి పక్కన. మా పెద్దమ్మ వాళ్ల ఊరు రాయలచెరువు కింద ఉంది. కృష్ణదేవరాయల కాలం నాటిదని మా వైపు చెప్పుకునే చెరువు అది. 2021 నవంబరులో వానలు కుమ్మేసినప్పుడు ఎప్పుడూ లేనంతగా నిండింది. ఆ ఆదివారం కట్టకు లీకేజీ కనిపించింది. ఊళ్లు ఖాళీ చేయమని మైకుల్లో చెప్పారు. మేం కారు తీసుకుని పెద్దమ్మ కోసం వెళ్లేసరికి ఆమె పశువుల పాకలో ఉంది. "గొడ్లను ఇడిసిపెట్టి నేను యాడికీ రాను, నువ్వు పోరా" అంది. పలుపులు తీసి గొడ్లను మిట్ట మీదికి తోలేదాకా కదల్లేదు. అప్పటికే వీధిలో ట్రాక్టర్లు, ఆటోలు, మంచాలు, బియ్యం మూటలు. టీవీలో మాత్రం "ఏ క్షణమైనా తెగే ప్రమాదం" అని ఎర్ర అక్షరాలు తిరుగుతూనే ఉన్నాయి. వాట్సాప్‌లో అయితే తెగిపోయిందనే వచ్చేసింది. ఎక్కడిదో వేరే వరద వీడియో పెట్టి ఇదే రాయలచెరువు అన్నారు. అలాంటివి పంపేవాళ్ల మీద కేసు పెట్టాలని నేను ఇప్పటికీ అంటాను. ఆ వీడియో చూసి మా పక్కింటి ముసలాయన చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి కాలు విరగ్గొట్టుకున్నాడు.

ఆ గందరగోళంలో ఒక్క మనిషి మాత్రం నిలబడి సరైన ప్రశ్న అడుగుతున్నాడు. పెద్దమ్మకు మరిది వరస, చెరువు నీళ్లు చూసుకునే నీరుగంటి వాళ్ల కుటుంబం. కట్ట వైపు నుంచి వచ్చే ప్రతి ఒక్కరినీ ఆపి, "ఊట తేటగా వస్తాండాదా, బురదగా వస్తాండాదా?" అని అడుగుతున్నాడు. ఒకడు తేట అన్నాడు, ఇంకొకడు బురద అన్నాడు, మూడోవాడు నేను చూడలేదన్నాడు. ఆయన తల కొట్టుకున్నాడు. లీకేజీ ఆపడానికి ఇసుక బస్తాలు వేశారు, రాత్రీ పగలూ మనుషులు కాపలా ఉన్నారు, కట్ట నిలిచింది. జనం మళ్లీ ఇళ్లకు చేరారు.

ఆయన అడిగిన ప్రశ్నలోనే సగం ఇంజనీరింగు ఉంది. మట్టికట్ట అన్నాక కొంచెం ఊట ఉంటుంది. తేట నీరు ఒకే తీరుగా కారుతుంటే కంగారు పడాల్సిన పని లేదు. నీళ్లు ఉన్నట్టుండి ఎక్కువైనా, మట్టి రంగుకు తిరిగినా కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. అప్పుడు బుంగ పెద్దదవడానికి ఎంతోసేపు పట్టదు. ఎలుకలు, ఎండ్రకాయలు చేసే బొక్కలు, సర్కారు తుమ్మ వేళ్లు కుళ్లి మిగిల్చే సందులు, తూము పక్కన వదులైన మట్టి, బుంగ మొదలయ్యేది ఇలాంటి చోట్లే. కట్ట మీద తుమ్మ మొలకగా ఉన్నప్పుడే పీకాలి. మానైన తర్వాత కొట్టేసి వేళ్లు లోపలే వదిలేస్తే ఇంకా ప్రమాదం.

మిగతా సగం నీళ్లు పోయే దారి. కాంక్రీటు డ్యాము మీదుగా కాసేపు నీళ్లు పొర్లినా తట్టుకోవచ్చు. మట్టికట్ట మీదుగా పొర్లితే అవతలి వాలు కోసుకుపోతుంది, ఇక ఆపేవాళ్లు ఉండరు. రాయలచెరువు గొడవకు రెండు రోజుల ముందు, 2021 నవంబరు 19 తెల్లవారుజామున, రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టులో జరిగింది అదే. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట ముందే తెగింది. గేట్లు వదలగలిగిన నీటికంటే చాలా ఎక్కువ వరద ఒక్కసారిగా వచ్చిపడింది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయడం లేదు. మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో నిద్రలో ఉన్నవాళ్లకు లేచి పరుగెత్తే వ్యవధి కూడా దొరకలేదు. 1979 ఆగస్టులో గుజరాత్‌లో మోర్బీ పట్టణాన్ని ముంచేసిన మచ్ఛు డ్యాముదీ ఇదే కథ. నీళ్లు పొర్లి రెండు పక్కల మట్టికట్టలు పోయాయి, వేలమంది చనిపోయారు. 2022 జులైలో కడెం ప్రాజెక్టు దగ్గర 18 గేట్లలో ఒకటి మొరాయిస్తే దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఆనకట్ట నిలిచింది కాబట్టి సరిపోయింది. 2024 జులైలో అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు కట్టకు గండి పడితే నీళ్లు తెలంగాణ దాటి ఆంధ్రలోని వేలేరుపాడు, కుక్కునూరు వైపు ఊళ్ల మీద పడ్డాయి.

అందుకే గేటుకు గ్రీజు పూయని వాళ్లను, మొరవ కాలువలో, అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పోయే కాలువలో, ప్లాట్లు వేసి అమ్మేవాళ్లను నేను ఒకే గాటన కడతాను. మా పక్క ఊళ్లో మొరవ నీళ్లు పోయే దారి మీద ఇప్పుడు ఒక కల్యాణ మంటపం, దాని వెనక ఇళ్ల వరస. చెరువు నిండితే ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? ఇక కట్టల మీద వాకింగ్ ట్రాకులు, సెల్ఫీ పాయింట్లు, రంగు లైట్లు వేసే మోజు ఒకటి వచ్చింది. అదే డబ్బుతో తూము బాగుచేసి, రాతి కట్టడం సరిచేసి, నీరుగంటికి జీతం ఇవ్వొచ్చు.

2021లోనే కేంద్రం డ్యాముల భద్రతా చట్టం తెచ్చింది. వానలకు ముందు, తర్వాత తనిఖీ చేయాలి, ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రణాళిక ఉండాలి. కానీ అది 15 మీటర్లకు మించిన ఎత్తువాటికి, 10 నుంచి 15 మీటర్ల మధ్య కొన్ని షరతులకు సరిపోయేవాటికి మాత్రమే. మన చెరువులు చాలావరకు దాని కిందికే రావు. వాటికి ఊరి కళ్లే కాపలా.

మీరు స్థలం రిజిస్ట్రేషన్‌కు వెళ్లే ముందు ఒక పని చేయండి. రెవెన్యూ మ్యాపులో వాగు, మొరవ కాలువ ఎటు పోతున్నాయో చూసి, మీ సర్వే నంబరు వాటిలో లేదని తేల్చుకోండి. తర్వాత మే నెలలో కట్ట దగ్గరికి వెళ్లి, గేట్లన్నీ పైకెత్తి చూపించమని అడగండి. జనరేటరు కూడా ఆన్ చేయించండి, ఎందుకంటే పెద్ద వాన రాత్రి కరెంటు ఉండదు. ఒక్క గేటైనా కదలకపోతే ఫోటో తీసి, పంచాయతీలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. అది బాగయ్యేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.