కొత్త దేశంలో రగ్బీ లీగ్ పోటీ నిలబడుతుందా? టొరంటోలో నేను చూసింది చెప్తా

అమెరికా, కెనడా లాంటి రగ్బీ లీగ్ పెద్దగా తెలీని చోట కొత్తగా ప్రొఫెషనల్ పోటీ పెడితే జనం వస్తారా, అదే ఇండియాలో అయితే ఎలా అని అడిగారు కదా. జనం వస్తారండీ, ఆ భయం అక్కర్లేదు. నేను టొరంటోలో ఉంటా, 2017లో ఇక్కడ ఊల్ఫ్‌ప్యాక్ అనే టీమ్ మొదలైనప్పట్నుంచీ వీలైనప్పుడల్లా వెళ్ళి చూసినవాణ్ణి, ఆ టీమ్ పోయాక కూడా ఇక్కడో చిన్న క్లబ్‌లో వీకెండ్స్ పిల్లల ప్రాక్టీస్‌కి సాయం చేస్తున్నా. నాకు అర్థమైందేంటంటే కొత్త చోట పోటీని చంపేది ఖాళీ స్టాండ్లు కాదు, ఖర్చు మొత్తం ఒక్కడి జేబు మీద నడవడం.

ముందు ఆట సంగతి, ఎందుకంటే చాలామంది రగ్బీ అంటే ఒకటే అనుకుంటారు. రగ్బీ యూనియన్‌లో పదిహేను మంది, లీగ్‌లో పదమూడు మంది. లీగ్‌లో బంతి పట్టుకున్నవాణ్ణి పడేశాక వాడు లేచి కాలితో బంతి వెనక్కి నెట్టి మళ్ళీ ఆడొచ్చు, అలా ఆరుసార్లు పడేశారంటే బంతి అవతలోళ్ళకి ఇచ్చేయాలి. బంతిని అవతలి లైన్ దాటించి నేలకి తాకిస్తే ట్రై, దానికి నాలుగు పాయింట్లు, ఆ తర్వాత స్తంభాల మధ్యకి తన్నే గోల్‌కి రెండు. అంతే. పక్క ఊరు మిస్సిసాగా నుంచి మనోళ్ళని మ్యాచ్‌కి తీసుకెళ్తే, కాలేజీలో కబడ్డీ ఆడినవాడొకడు పది నిమిషాల్లో అందుకున్నాడు, రైడర్‌ని నలుగురు కలిసి పట్టేసినట్టే కదరా, కాకపోతే వీడు లైన్ తాకడానికి కాదు దాటడానికి పోతున్నాడు అని పక్కోళ్ళకి వాడే చెప్పడం మొదలెట్టాడు. కొత్త మార్కెట్‌లో ఇది పెద్ద బలం, టికెట్ కొని వచ్చినోడికి ఫస్ట్ హాఫ్ అయ్యేలోపే ఆట అర్థమైపోవాలి.

ఊల్ఫ్‌ప్యాక్ ఇంగ్లండ్ పోటీల్లో ఆడిన కెనడా టీమ్. 2017లో అక్కడి మూడో డివిజన్‌లో మొదలెట్టి ఆ ఏడే గెలిచి పైకెళ్ళారు. 2018లో అక్కడి టాప్ డివిజన్ అయిన సూపర్ లీగ్‌లోకి వెళ్ళే ఆఖరి మ్యాచ్‌లో లండన్ బ్రాంకోస్ చేతిలో 4-2 తేడాతో, అదీ సొంత గ్రౌండ్‌లో, ఓడిపోయారు. స్టేడియం మొత్తం మూగబోయింది ఆ రోజు. 2019లో ఫెదర్‌స్టోన్ మీద 24-6 గెలిచి ఎక్కేశారు, లాంపోర్ట్ స్టేడియంలో దాదాపు పదివేల మంది, అంటే గ్రౌండ్ ఫుల్. లాంపోర్ట్ సిటీవాళ్ళది, లిబర్టీ విలేజ్ అనే పేట పక్కనే, చుట్టూ కాండోలు, కుర్రాళ్ళు ఆఫీసు బట్టల్లోనే స్ట్రీట్‌కార్ దిగి వచ్చేసేవాళ్ళు, బీర్ గార్డెన్‌లో మ్యాచ్ అయ్యాక ప్లేయర్లే వచ్చి జనంతో మాట్లాడేవాళ్ళు. చిన్న గ్రౌండ్, ఊరి మధ్యలో, ట్రాన్సిట్ దగ్గర, ఇది మాత్రం వాళ్ళు వంద శాతం కరెక్ట్‌గా చేశారు. కొత్తగా పెట్టేవాళ్ళు నలభై వేల సీట్ల స్టేడియం జోలికి అస్సలు వెళ్ళొద్దు, ఖాళీ కుర్చీలు టీవీలో కనిపిస్తే స్పాన్సర్ మళ్ళీ ఫోనెత్తడు.

మరి ఎక్కడ దెబ్బతిన్నారంటే లెక్కల్లో. అవతల టీమ్ ఇంగ్లండ్ నుంచి రావాలంటే ఫ్లైట్లు, హోటళ్ళు ఊల్ఫ్‌ప్యాకే పెట్టుకునేది. ఇంగ్లండ్‌లో సీజన్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది, అప్పుడు టొరంటోలో మంచు, కాబట్టి నెలలకి నెలలు టీమ్ అక్కడే ఉండి ఆడి, ఎండలొచ్చాక ఇక్కడికి వచ్చేది, రెండు దేశాల్లో కాపురం అన్నమాట. సూపర్ లీగ్‌లోకి వెళ్ళాక కూడా మిగతా క్లబ్బులకి వచ్చే టీవీ డబ్బులో వీళ్ళకి వాటా లేదు. ఆ పరిస్థితిలో న్యూజిలాండ్ రగ్బీ స్టార్ సోనీ బిల్ విలియమ్స్‌ని రెండేళ్ళ భారీ కాంట్రాక్ట్‌తో తెచ్చారు. పేరొచ్చింది, ప్రపంచమంతా రాశారు, కానీ 2020 లీగ్‌లో ఆడిన ఆరు మ్యాచ్‌లూ ఓడారు, మార్చిలో కోవిడ్‌తో అంతా ఆగింది, జీతాలు ఆగాయి, జులైలో సీజన్ నుంచి తప్పుకున్నారు. నవంబర్‌లో తిరిగి తీసుకోవాలా వద్దా అని ఓటు పెడితే సూపర్ లీగ్‌వాళ్ళు 8-4తో వద్దన్నారు. నాకు ఇప్పటికీ బాధేసేది ఏంటంటే అంత కష్టపడి సూపర్ లీగ్ ఎక్కితే టొరంటోలో ఒక్క సూపర్ లీగ్ మ్యాచ్ కూడా జరగలేదు, హోమ్ మ్యాచ్‌ల టైం వచ్చేలోపే అంతా అయిపోయింది.

కోవిడ్ లేకపోతే బతికేదేమో అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఇదే ఊళ్ళో టొరంటో యారోస్ అని యూనియన్ టీమ్ ఉండేది, 2019 నుంచి అమెరికా మేజర్ లీగ్ రగ్బీలో ఆడింది, 2023లో వాళ్ళ ముఖ్య ఓనర్ చనిపోతే ఆ నెలలోనే టీమ్ మూతపడింది. ఆట వేరు, పోటీ వేరు, జబ్బు ఒకటే, అంతా ఒక్క ఓనర్ జేబు మీద నడవడం.

ఇంకో లోటు, ఊల్ఫ్‌ప్యాక్ టీమ్‌లో కెనడా కుర్రాళ్ళు చాలా చాలా తక్కువ, దాదాపు అందరూ ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులవాళ్ళు. గెలవాలంటే అది తప్పదు, నాకూ తెలుసు. కానీ నేను సాయం చేసే క్లబ్‌లో పిల్లలు ఇప్పటికీ అడుగుతారు, మేం పెద్దయ్యాక ఎక్కడ ఆడాలి అని, నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. తమ స్కూల్లో చదివినోడు గ్రౌండ్‌లో ఉంటే అమ్మానాన్నలు, టీచర్లు, వీధిలోవాళ్ళు వస్తారు, టీమ్ ఓడినా వస్తారు.

కాబట్టి నన్నడిగితే నాలుగు టీమ్‌లు చాలు, అన్నీ బస్సులో వెళ్ళొచ్చే దూరంలో, సీజన్ మే నుంచి ఆగస్టు, ఇంకో దేశం క్యాలెండర్‌తో ముడి పెట్టుకోవద్దు. మొదట్లో సెమీ-ప్రో చాలు, ఉద్యోగాలు చేసుకుంటూ మ్యాచ్‌కింత అని ఇవ్వండి. అసలు రగ్బీ లీగ్ పుట్టిందే అలా కదా, 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు విడిపోయింది పని మానుకుని ఆడినవాళ్ళకి ఆ కూలి ఇవ్వాలనే. ప్లేయర్లని యూనివర్సిటీ ఫుట్‌బాల్‌లో వెతకండి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి పైకి ఎంపికవ్వని కుర్రాళ్ళు ఎంతమందో, టాక్లింగ్ వాళ్ళకి ముందే వచ్చు, దమ్ము నిలబెట్టుకుని ఎనభై నిమిషాలు పరిగెత్తడం నేర్పాలి. స్టార్ మీద పెట్టే డబ్బు కోచ్‌ల మీద పెట్టండి. అన్నిటికంటే ముందు టీవీ డబ్బు అందరికీ సమానంగా అని రాతపూర్వకంగా ఉండాలి, రెండేళ్ళ జీతాలు ఓనర్ చేతిలో కాకుండా లీగ్ బ్యాంక్ అకౌంట్లో డిపాజిట్ అయ్యాకే టీమ్ పేరు ప్రకటించాలి.

లాస్ వేగాస్‌లో 2024 నుంచి ఆస్ట్రేలియా టాప్ రగ్బీ లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్ వాళ్ళు మ్యాచ్‌లు పెడుతున్నారు, మొదటిసారే నలభై వేలకు పైగా వచ్చారు, మరి అది అని అడగొచ్చు. అది బాగుంది, కానీ ఆ జనంలో చాలామంది ఆస్ట్రేలియా నుంచి టూర్‌గా వచ్చినవాళ్ళు. ఉన్న లీగ్‌కి ప్రచారం అది, అమెరికాలో లీగ్ కాదు.

ఇండియా విషయానికొస్తే 2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది, జీఎంఆర్ వాళ్ళు, రగ్బీ ఇండియా కలిసి పెట్టారు, మన హైదరాబాద్ హీరోస్‌తో కలిపి ఆరు టీమ్‌లు, చెన్నై బుల్స్ గెలిచింది. అది సెవెన్స్, అంటే ఏడుగురు ఆడేది, పదహారు నిమిషాల మ్యాచ్‌లు, రగ్బీ లీగ్ రూల్స్ కాదు. కానీ మొదటి సీజన్ అంతా ముంబైలో ఒకే గ్రౌండ్‌లో పెట్టడం నాకు చాలా నచ్చింది, టొరంటోని ముంచిన ప్రయాణ ఖర్చు అక్కడ లేదు. రగ్బీ లీగ్ పెట్టాలన్నా ఇండియాలో అలాగే ఒక ఊళ్ళో, మూడు వారాల్లో, తొమ్మిది మంది ఆడే నైన్స్‌తో మొదలెట్టమంటా, కబడ్డీ కుర్రాళ్ళని తప్పకుండా ట్రయల్స్‌కి పిలవమంటా. మీరు ఏ ఊరు అనుకుంటున్నారో చెప్తే గ్రౌండ్, సీజన్ సంగతి ఇంకా వివరంగా రాస్తా.