క్లెయిములు చూడబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కాంట్రాక్టరు తరఫున అదనపు సమయం, డబ్బు అడిగే క్లెయిములన్నీ ఇకమీదట నువ్వే చూస్తావని మీ నాన్న చెప్పాడు. మన ఇంటి పిల్ల ఆ కుర్చీలో కూర్చుంటోందంటే గర్వంగా ఉంది. భయమూ ఉంది. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని రావాల్సింది కూడా అడగని మనిషివి నువ్వు.

కాంట్రాక్టు మొత్తం చదువు. అందరికీ ఒకేలా ఉండే జనరల్ కండిషన్లను, ఈ పనికని ప్రత్యేకంగా రాసిన పర్టిక్యులర్ కండిషన్లు ఎక్కడెక్కడ మార్చాయో గుర్తు పెట్టుకో. సైట్ డైరీ ఏ రోజుది ఆ రోజే రాయించు. ఇవి నీకు తెలిసినవే.

నా బెంగంతా నోటీసు గురించి, అంటే క్లెయిము ఉందని ముందుగా రాసిచ్చే ఉత్తరం గురించి. నేలలో ఏ లోతున ఏముందో బోరు వేసి రాసిన బోర్‌లాగ్‌లో మట్టి అని ఉంటుంది, నాలుగు మీటర్ల లోతుకు వెళ్లేసరికి రాయి తగులుతుంది. పని ఇచ్చినవాళ్ల తరఫు ఇంజనీరు వచ్చి చూసి, "కానివ్వండి, తర్వాత చూసుకుందాం" అంటాడు. మోసం చేయాలని కాదు, ఆ పూటకి మనస్ఫూర్తిగానే అంటాడు. ఆ మాట పట్టుకుని రాయి పగలగొట్టే బ్రేకర్లు తెప్పించి పని కానిచ్చేస్తారు. కొన్ని నెలలకు ఆ డబ్బు బిల్లులో పెడితే ఆ ఇంజనీరు అక్కడ ఉండడు. వచ్చిన కొత్తాయన "నోటీసేదీ?" అంటాడు. న్యాయమైన క్లెయిములు ఎన్నో ఇలాగే మట్టిలో కలిశాయి.

మీ కాంట్రాక్టు ఫిడిక్ 2017 రెడ్ బుక్ (నిర్మాణ పనులకు వాడే అంతర్జాతీయ నమూనా కాంట్రాక్టు) ప్రకారం అయితే నోటీసుకు గడువు 28 రోజులు. హెడ్డాఫీసుకు కబురు అందిన రోజు నుంచి లెక్కేస్తే మునిగిపోతావు. సైట్‌లో మనవాళ్లకు తెలిసిన రోజు, జాగ్రత్తగా ఉంటే తెలిసి ఉండాల్సిన రోజు, అదీ లెక్క. దాటితే పని ముగించే గడువూ పెంచరు, డబ్బూ ఇవ్వరు. ఆలస్యానికి కారణం చెప్పుకునే దారి ఉంది గానీ దాన్ని నమ్ముకోకు.

నోటీసుకు ఒక్క పేజీ చాలు. ఏం జరిగింది, ఏ తేదీన, ఏ చోట, ఏ డ్రాయింగుకూ ఏ బోర్‌లాగ్‌కూ తేడాగా ఉంది. ఎంత రావాలో అప్పుడే తేల్చక్కర్లేదు. కానీ సమయం, డబ్బు రెండూ అడుగుతున్నామని రాయి. సమయం ఒక్కటే అడిగి ఊరుకున్నవాళ్లు డబ్బు దగ్గర చిక్కుకుంటారు. అది నోటీసు అని ఉత్తరంలోనే స్పష్టంగా ఉండాలి, కాంట్రాక్టులో రాసిన చిరునామాకే వెళ్లాలి. వాట్సాప్ మెసేజీనీ మీటింగు మినిట్స్‌నీ నమ్ముకుని కూర్చోకు. మొహమాటంగా ఉంటే ముందు ఫోన్ చేసి, "సార్, కాంట్రాక్టు ప్రకారం ఒక నోటీసు పంపుతున్నాం" అని చెప్పు. చెప్పి, పంపు. ఫోన్‌తో ఆగిపోయావో, నీతో మాట్లాడను.

ఆ తర్వాత పూర్తి క్లెయిము. దానికి గడువు, మనకు తెలిసిన ఆ మొదటి రోజు నుంచే 84 రోజులు. ఏ క్లాజు కింద అడుగుతున్నామో ఆ లోపు చెప్పకపోతే ఇచ్చిన నోటీసుకూ కాలం చెల్లుతుంది.

లెక్కలో నిజాయితీగా ఉండు తల్లీ. పని 50 రోజులు ఆగినా దానికి 30 రోజుల ఫ్లోట్ (ముగింపు తేదీ జరగకుండా ఆగగలిగే వెసులుబాటు) మిగిలి ఉంటే, ప్రాజెక్టు ముగింపు మీద పడేది 20 రోజులే. అదే సమయంలో మన స్టీలు కూడా రాలేదనుకో, దాచకు. అలా రెండు వైపులా ఆలస్యం ఉంటే అదనపు గడువు దొరకవచ్చు గానీ, మన తప్పు వల్ల ఎలాగూ అయ్యే ఖర్చు రాదు. ఖాళీగా నిలబడ్డ సొంత ఎక్స్‌కవేటరుకు పని చేసినప్పటి అద్దె రేటూ డీజిలూ వేస్తే, మిగతా లెక్కనూ ఎవరూ నమ్మరు.

ఇంజనీరుకు ఒప్పందం కుదర్చడానికి 42 రోజులు, కుదరకపోతే నిర్ణయానికి ఇంకో 42. నచ్చకపోతే 28 రోజుల్లో అసమ్మతి నోటీసు. అది ఇచ్చేశాం కదా అని కూర్చోకు, 42 రోజుల్లో కాంట్రాక్టు తగవులు తేల్చే వివాద బోర్డుకు పంపకపోతే అదీ చెల్లదు. బోర్డుకు 84 రోజులు. దాని తీర్పు మీద అసమ్మతికి మళ్లీ 28. ఎవరు కాదన్నా, మారేదాకా ఆ తీర్పును ఇద్దరూ పాటించాల్సిందే. ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) ఆ తర్వాత మాట.

కోపంలో పని మాత్రం ఆపించకు. డబ్బు రాకపోతే 21 రోజుల నోటీసు ఇచ్చి ఆపే హక్కు ఉంది. అది ఇవ్వకుండా మనుషుల్ని వెనక్కి పిలిస్తే తప్పు మనదవుతుంది, అవతలివాళ్లు కాంట్రాక్టే రద్దు చేస్తామంటారు.

రాజీ మాటలు వస్తే కాదనకు. ఉత్తరాల మీద "వితౌట్ ప్రెజుడిస్" (ఈ రాజీ మాటల వల్ల మన హక్కులు పోవు) అని రాసి మాట్లాడు. కుదిరితే మొత్తం, పన్ను ఎవరిది, ఏ తేదీకి చెల్లింపు, ఏయే క్లెయిములు తీరినట్టు, అన్నీ కాగితం మీదకు రావాలి. బిల్లుల్లోంచి పట్టి ఉంచిన రిటెన్షన్ డబ్బు, బ్యాంకు గ్యారంటీ ఎప్పుడు వెనక్కిస్తారో అందులోనే ఉండాలి. ఫైనల్ బిల్లుతో పాటు "ఇక క్లెయిములేవీ లేవు" అనే కాగితం కూడా ముందు పెడతారు. మిగిలిన ప్రతి క్లెయిమునూ పేరుపేరునా మినహాయించి రాశాకే సంతకం పెట్టు.

మీ పెదనాన్న