నాన్నగారికి దక్కింది ఒక్క వాక్యం

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈమధ్య స్వీడన్ రచయిత్రి లీసా రిడ్జేన్ నవల 'వెన్ ది క్రేన్స్ ఫ్లై సౌత్' ఇంగ్లిష్‌లో చదివాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఆఫీసులో కూడా ఏడుపొస్తోంది. అమ్మ పోయాక నాన్నను తెనాలి నుంచి మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం, చూపు తగ్గిందని ఆయన కుట్టుమిషన్ అమ్మేశాం. ఏ లోటూ చేయడం లేదు. ఏడిపించే పుస్తకాలు దేనికని మావారు విసుక్కుంటున్నారు. ఇలాంటివి చదవడం మానేయాలా?

జవాబు: మానక్కర్లేదమ్మా. మీవారి విసుగునూ పట్టించుకోకండి. తిండీ నిద్రా పోయి రెండు వారాలు దాటితే మాత్రం డాక్టర్ని కలవండి. పుస్తకం సంగతి అంతే.

ఆ నవల నేనూ చదివాను. ముసలాయన బో, మతిమరుపు జబ్బుతో కేర్ హోమ్‌లో ఉన్న భార్య ఫ్రెడ్రికా. ఆమె వాసన పోకుండా స్కార్ఫ్‌ని సీసాలో దాచుకుంటాడు. మిగిలిన తోడు కుక్క సిక్స్‌టెన్. నువ్వు దాన్ని తిప్పలేవు, పడిపోతావు, ఇచ్చేద్దాం అంటాడు కొడుకు హాన్స్. మీరు బో కోసం ఏడ్చారు. కానీ మీ ఇంట్లో మీరు బో కాదు, హాన్స్.

కోపం వచ్చిందా? హాన్స్ చెడ్డవాడు కాదు. భయపడ్డ కొడుకు. అందుకే ఆ పుస్తకం అంతగా గుచ్చుకుంటుంది.

ఆ రచయిత్రికి ఈ కథ ఎక్కడ దొరికిందో తెలుసా? వాళ్ల తాతగారిని చూసుకోవడానికి ఇంటికొచ్చే సహాయకులు ఇంట్లోవాళ్ల కోసం రాసిపెట్టిన చీటీల్లో. నవల మధ్యమధ్యలో అలాంటివే వస్తాయి, తిన్నాడు, పడుకున్నాడు అని. మనకు ఆ చీటీలు లేవు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు ఉంది. 'నాన్న రెండిడ్లీ తిన్నాడు, బీపీ మాత్ర వేశాను.' ఆ రెండిడ్లీ తిన్న మనిషి లోపల ఏమనుకుంటున్నాడో బో చెబుతాడు, మీ నాన్నగారు చెప్పరు. మగాళ్లు మనసులో మాట ఎందుకు మింగేస్తారన్నది రిడ్జేన్ పరిశోధనకు దగ్గరి విషయమే. ఉత్తర స్వీడన్ పల్లెల్లో మగతనం గురించి ఆమె చదువు. తెనాలి టైలర్లకీ అది వర్తిస్తుందని నా అనుమానం.

మీ ఉత్తరంలో మీ ఏడుపుకి బోలెడు చోటుంది. కుట్టుమిషన్‌కి ఒక్క వాక్యం, అందులోనే నాన్నగారు కూడా సర్దుకున్నారు. ఆ మిషన్ మీద కుట్టిన బట్టల డబ్బుతోనే కదా మీ ఫీజులు కట్టారు? అమ్మేముందు ఆయన్ని అడిగారా? 'ఏ లోటూ లేదు' అన్నది ఆయన మాటా, మీ మాటా? తల్లిదండ్రులను చూసుకోవడం పిల్లల బాధ్యతే, కాదనను. కానీ వాళ్లకు వయసు మీరిందని వాళ్ల వస్తువుల మీద పెత్తనం మనకొచ్చేస్తుందంటే ఒప్పుకోను.

ఈ ఆదివారం ఫోన్ పక్కన పెట్టి ఆయన దగ్గర కూర్చోండి. నవల కథ చెప్పకండి. 'అడక్కుండా అమ్మాను నాన్నా, తప్పయింది' అని మాత్రం చెప్పండి. ఆయన ఏమీ అనకపోవచ్చు, 'పోనీలేమ్మా' అని టీవీ వైపు తిరగొచ్చు. లేవకండి, కూర్చోండి. తర్వాత ఒక పది రోజులు సెలవు పెట్టి తెనాలి తీసుకెళ్లండి. పాత మిషన్ ఎవరు కొన్నారో కనుక్కోండి. తిరిగి ఇవ్వకపోతే కొత్తది కొనండి, కానీ ఆన్‌లైన్‌లో బుక్ చేసి సర్‌ప్రైజ్ ఇవ్వకండి. షాపుకి ఆయన్నే తీసుకెళ్లండి. ఏది బాగుందో ఆయన చూసుకుంటారు.