కొత్త ఊళ్లో చిన్న వ్యాపారం: పరిచయాలు ఎవరితో మొదలుపెట్టాలి?

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి హనుమకొండలో గానుగ నూనె పెడుతున్నానని, ఇక్కడ ఎవరూ తెలియదని, డబ్బు కట్టి వ్యాపారుల గ్రూపులో చేరాలా అని అడిగారు. నేను హనుమకొండలోనే కారం, పసుపు పట్టే గిర్ని నడుపుతున్నాను. ఇది తొమ్మిదో ఏడు. నాకు జరిగింది చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

మొదటి ఏడాది నేను కూడా పెద్దవాళ్ల చుట్టే తిరిగాను. ఫంక్షన్లకు పోయి విజిటింగ్ కార్డులు పంచాను. ఒక్క కిలో కారం అమ్ముడుపోలేదు. పైగా చుట్టాల మాట మీద చూడకుండా రెండు క్వింటాళ్ల మిర్చి కొన్నాను. పైకి ఎర్రగా నిగనిగలాడింది, లోపల బూజు. అప్పుడు బుద్ధి తెచ్చుకొని వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోవడం మొదలుపెట్టాను. నెల రోజులు ఏమీ కొనలేదు, ఊరికే చూశాను.

అక్కడ కాంటాలు పెట్టే దడ్వాయి అన్న ఒకాయన రోజూ నన్ను గమనిస్తున్నాడు. ఒకనాడు బస్తాలోంచి కాయ తీసి నా చేతిలో పెట్టాడు. "చెవి కాడ పెట్టుకొని ఊపు తమ్మీ. గింజ గలగల అంటే ఎండినట్టు. చప్పుడు లేకుంటే తీస్కోకు" అన్నాడు. తర్వాత ముచ్చిక దగ్గర విరిచి లోపల నల్లబడిందా లేదా చూపించాడు. రంగుకు చపాట రకం మిర్చి, కారానికి తేజ రకం, రెండూ ఏ పాళ్లలో కలిపితే మన దగ్గర ఆడవాళ్లు మెచ్చుతారో కూడా ఆయనే చెప్పాడు. మన చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, దాన్ని చేత్తో పట్టుకొని గుర్తుపట్టడం నాకు నేర్పింది ఆ అన్నే. ఇప్పటికీ మంచి సరుకు దిగితే పొద్దున్నే ఫోన్ చేస్తాడు.

అందుకే అంటున్నా, మీ సరుకును రోజూ ముట్టుకునే మనుషులతో మొదలుపెట్టండి. హమాలీలు, దడ్వాయిలు, అడ్తి (కమీషన్ వ్యాపారి) దగ్గర గుమాస్తా, ఆటో ట్రాలీ అన్న, మోటార్లు చుట్టే మెకానిక్. వాళ్లతో పని పడకముందే పోయి కూర్చోండి, పని నేర్పమని అడగండి. నేర్పమంటే కాదనే మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. కూలి డబ్బులు మాత్రం ఆ సాయంత్రమే చేతిలో పెట్టాలి. అందులో నేను చాలా పట్టింపు మనిషిని.

మూడో ఏడు మార్చిలో, ఏడాది కారం పట్టించుకునే జనం వరుసలో ఉన్నప్పుడు, మోటారు కాలిపోయింది. రాత్రి పదకొండింటికి మెకానిక్ అన్న వచ్చి విప్పుకొని పోయాడు. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు వచ్చినవాళ్లను వెనక గల్లీలో ఉన్న ఇంకో గిర్నికి నేనే తీసుకుపోయి అప్పజెప్పాను. మా ఇంట్లో వద్దన్నారు, గిరాకీ మళ్లీ రాదని. చాలావరకు తిరిగి వచ్చారు. పైగా ఆ గిర్ని ఆయన అప్పటి నుంచి పసుపు పని మొత్తం నాకే పంపిస్తున్నాడు. పసుపుకు, మిర్చికి విడి యంత్రాలు ఉండాలి, ఆయనకు ఉన్నది ఒక్కటే. పోటీవాళ్లను దూరం పెట్టకండి, మీ పనిలోని కష్టం అర్థమయ్యేది వాళ్లకే.

మీ గానుగ సంగతికొస్తే, పల్లీల నుంచి తూకంలో నూనె కన్నా, నూనె తీశాక మిగిలే పిండి చెక్కే ఎక్కువ వస్తుంది, అది పశువుల దాణా. ముందు చెక్క కొనేవాళ్లను వెతకండి. చుట్టుపక్కల ఊళ్లలో బర్లు, ఆవులు ఉన్న రైతుల దగ్గరికి ఒక్కో కిలో పట్టుకొని పోండి. పాలు పోయడానికి పొద్దున్నే పట్నం వచ్చే ఆ రైతే నలభై ఇళ్లలో మీ నూనె గురించి చెప్తాడు. మహిళా సంఘాల అక్కలను కూడా మర్చిపోకండి. మామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లో నా కారం సగం వాళ్ల చేతుల మీదుగానే పోతుంది. మొదటిసారి అరకిలో ఊరికే ఇచ్చి, "అక్కా, తప్పేమన్నా ఉంటే ముందు నాకు చెప్పు" అని అడిగాను. ముతకగా ఉందన్నారు, జల్లెడ మార్చాను.

హోటళ్లకు ఉద్దెర ఇచ్చేటప్పుడు జాగ్రత్త. ఒక హోటల్ దగ్గర ఐదు నెలలు తిరిగాను. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, అది పూర్తిగా ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వకండి. అలా నమోదైన మీలాంటి చిన్న తయారీదారుకు, కొన్నవాళ్లు ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం ఉంది. బిల్లు మీద తేదీ, గడువు రాసి సంతకం తీసుకోండి. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్రా పథకంలో శిశు రుణం 50 వేల దాకా ఇస్తారు, బ్యాంకులో అడగండి.

డబ్బు కట్టే గ్రూపు గురించి అడిగారు కదా, మొదటి ఏడాది వద్దు. ఆ డబ్బుతో పల్లీలు కొనండి.

శని, ఆదివారాలు యార్డుకు సెలవు. మిగతా ఏ రోజైనా పొద్దున ఏడింటికల్లా ఎనుమాముల రండి, నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి. ఆ దడ్వాయి అన్నకు పల్లీల సంగతి కూడా తెలుసు, కలిపిస్తాను.