ఏఎంసీ పెట్టబోతున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

టెక్సస్‌లో అప్రైజల్ మేనేజ్‌మెంట్ కంపెనీ (ఏఎంసీ), అంటే రుణమిచ్చే సంస్థల తరఫున ఇళ్ల విలువ కట్టే అప్రైజర్లకు ఆర్డర్లు ఇచ్చే కంపెనీ పెట్టి, ఆర్డర్లు చూసే బ్యాక్ ఆఫీసు హైదరాబాద్‌లో నడుపుతానని రాశావు. రిజిస్ట్రేషన్ దరఖాస్తు నింపడం పెద్ద పని కాదు. కంపెనీలు దెబ్బతినేది ప్యానెల్ (నువ్వు ఆర్డర్లు ఇవ్వడానికి ఒప్పుకున్న అప్రైజర్ల) జాబితా దగ్గర, అప్రైజర్‌కు వెళ్లే మెసేజ్‌ల దగ్గర.

ముందు లెక్క చూసుకో. 2010 డాడ్-ఫ్రాంక్ చట్టం కింద 2015లో వచ్చిన ఫెడరల్ నిబంధన ప్రకారం, 12 నెలల కాలంలో నీ ప్యానెల్లో ఒక రాష్ట్రంలో 15 మందిని మించి గానీ, రెండు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో కలిపి 25 మంది, ఆపైన గానీ ఉంటే నీది ఏఎంసీ కిందికి వస్తుంది. జీతం మీద పెట్టుకున్న అప్రైజర్లు ఇందులోకి రారు, 1099 మీద (ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా) పనిచేసేవాళ్లనే లెక్కేస్తారు. రాష్ట్రాలు ఇంతకన్నా కఠినంగా పెట్టుకోవచ్చు, కొన్నిచోట్ల ష్యూరిటీ బాండు (మూడో సంస్థ ఇచ్చే డబ్బు హామీ) కూడా అడుగుతారు. కాబట్టి అడుగుపెట్టే ప్రతి రాష్ట్రం చట్టమూ విడిగా చదువు. టెక్సస్‌కైతే ఆక్యుపేషన్స్ కోడ్ 1104వ అధ్యాయం. అమలు చేసేది అక్కడి అప్రైజర్ లైసెన్సింగ్ బోర్డు.

చాలామంది తడబడేది ఇక్కడే. ఆరు నెలలుగా ఒక అప్రైజర్‌కు ఆర్డర్ ఇవ్వలేదు కదా, ప్యానెల్లో లేనట్టే అనుకుంటారు. అలా కుదరదు. తీసేస్తున్నట్టు, ఎందుకు తీసేస్తున్నామో చెబుతూ నువ్వు రాతపూర్వకంగా పంపాలి, లేదా తప్పించమని ఆయనే రాసివ్వాలి. అప్పటిదాకా ఆయన ప్యానెల్లో ఉన్నట్టే. తీసేశాక 12 నెలల్లోపు మళ్లీ పని ఇచ్చావంటే అసలు తీసేయనట్టే లెక్క. అందుకని ప్యానెల్ షీటులో చేరిన తేదీ, తీసేసిన ఉత్తరం తేదీ, కారణం, చివరి ఆర్డర్ తేదీ నాలుగూ వేరువేరు గడుల్లో ఉంచు.

ఏఎంసీల నేషనల్ రిజిస్ట్రీకి (దేశవ్యాప్త అధికారిక జాబితాకు) కట్టే రుసుము కూడా ఈ షీటు మీదే ఆధారపడుతుంది. ఆ ఏడాది ఆ రాష్ట్రంలో, మనిషి సొంతంగా ఉండే ఇంటి తాకట్టు రుణానికి నీకోసం అప్రైజల్ చేసిన ఒక్కొక్కరికి 25 డాలర్లు. ప్యానెల్లో 60 మంది ఉండి పని చేసింది 40 మందే అయితే కట్టాల్సింది 1,000 డాలర్లు. అదే అప్రైజర్ ఓక్లహోమాలోనూ చేస్తే అక్కడ మళ్లీ కట్టాలి. దీన్ని రాష్ట్రం వసూలు చేసి ఫెడరల్ అప్రైజల్ సబ్‌కమిటీకి పంపుతుంది.

వాటాదారుల విషయంలో మొహమాటం వద్దు. ఎక్కడైనా అప్రైజర్ లైసెన్సు రద్దయినవాడికీ, రద్దు చేస్తారని ముందే వదులుకున్నవాడికీ ఒక్క శాతం వాటా ఉన్నా రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు. వేరే కంపెనీ పేరు మీద పెట్టినా అంతే. ఆ రద్దు ఎంత తీవ్రమైన కారణం మీద జరిగిందో తేల్చేది రాష్ట్రమే కాబట్టి ముందే రాసి అడుగు. 10 శాతానికి మించి వాటా ఉన్న ప్రతి ఒక్కరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పదు.

ఇక బ్యాక్ ఆఫీసు. 2008 ముందు లోన్ ఆఫీసర్లు తమకు కావలసిన ధర రాయించుకోబట్టే ఈ నియమాలన్నీ వచ్చాయి. మీ ఆఫీసు పిల్లలు అప్రైజర్‌కు "లోన్ క్లోజ్ కావాలంటే ఇంటి విలువ 4,20,000 డాలర్లు రావాలి" అని ఒక్క లైను పంపినా అది అప్రైజర్ స్వతంత్రతకు భంగమే. కొనుగోలు ఒప్పందం పంపొచ్చు, పంపాలి కూడా. తప్పు దిద్దమనడం, ఫలానా అమ్మకాన్ని కూడా పరిశీలించమనడం, వివరణ అడగడం చట్టం ఒప్పుకున్నవే. మెసేజ్‌లకు ముందే ఆమోదించిన నమూనాలు పెట్టు, ఫోన్‌లో అడగనివ్వకు. ఈ ఉల్లంఘనకు 2010 చట్టం మొదటిసారి రోజుకు 10,000 డాలర్ల దాకా, ఆ తర్వాత 20,000 దాకా జరిమానా పెట్టింది, ద్రవ్యోల్బణాన్ని బట్టి ఆ మొత్తాలు అప్పటినుంచి పెరిగాయి. హైదరాబాద్‌లో కూర్చుని పంపారన్నది సాకు కాదు, బాధ్యత కంపెనీదే.

అప్రైజర్ లైసెన్సును ప్యానెల్లో చేర్చుకున్న రోజు చూసి వదిలేయకు. ప్రతి ఆర్డర్ ఇచ్చే ముందు అప్రైజర్ల నేషనల్ రిజిస్ట్రీలో చూసి, ఆ స్క్రీన్ ఫైల్లో పెట్టు. ఆ ఊరు, ఆ రకం ఇల్లు ఆయనకు తెలుసా అన్నదీ నమోదు చెయ్యి. ఎవరు తక్కువకు చేస్తే వాళ్లకే ఆర్డర్ ఇస్తే రెండు చిక్కులు: ఆ ప్రాంతంలో మామూలుగా నడిచే ఫీజు ఇవ్వాలన్న నియమం తప్పుతావు, నాసిరకం రిపోర్టులూ వస్తాయి. ఫీజు చెల్లించే గడువు రాష్ట్రానికో రకంగా ఉంటుంది. నువ్వు పనిచేసే రాష్ట్రాల్లో అన్నిటికన్నా తక్కువ గడువేదో, దాన్నే అందరికీ పెట్టుకో.

దరఖాస్తు పంపే ముందు వాటాదారుల జాబితా, ప్యానెల్ షీటు, మెసేజ్ నమూనాలు నాకు పంపు. చూసి చెబుతాను.