హిప్నోథెరపీకి వెళ్లే ముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

హిప్నోథెరపీ (హిప్నాటిజంతో చేసే చికిత్స) గురించి ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాము.

ప్రశ్న: నేను మిర్యాలగూడలో ఉపాధ్యాయినిని. వయసు 38. ఆరేళ్లుగా కడుపునొప్పి, ఉబ్బరం, తిన్న వెంటనే విరేచనానికి పరుగెత్తవలసి రావడం వంటి బాధలు పడుతున్నాను. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, స్కానింగ్ అన్నీ బాగానే ఉన్నాయి. ఐబీఎస్ (ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్ అనే పేగుల సమస్య) అని చెప్పి ఇచ్చిన మందులు ఏడాదిన్నర వాడినా గుణం అంతంతమాత్రమే. నల్లగొండ బస్సు ఎక్కాలంటే ముందు బస్టాండులో బాత్రూమ్ ఎక్కడుందో చూసుకుంటున్నాను. ఇప్పుడు డాక్టరు గారు హిప్నోథెరపీ ప్రయత్నించమన్నారు. మనసును పరాయివాళ్ల చేతిలో పెడితే మళ్లీ మన చేతికి రాదని మా అత్తగారు భయపడుతున్నారు. నన్ను నిద్రపుచ్చి ఇంటి విషయాలు చెప్పిస్తారా? అసలు అక్కడ ఏం జరుగుతుంది?

జవాబు: మీ డాక్టరు గారు ఇచ్చిన సలహా సరైనదే. హిప్నోథెరపీ బాగా పనిచేస్తుందని గట్టి ఆధారాలున్న కొద్దిపాటి సమస్యలలో ఐబీఎస్ ఒకటి. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1984లోనే మందులకు లొంగని 30 మంది ఐబీఎస్ రోగులపై దీనిని పరీక్షించి, ఫలితాలను ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురించారు. ఏడాదిపాటు మందులు వాడినా తగ్గనివారికి హిప్నోథెరపీ వంటి మానసిక చికిత్సలను పరిశీలించవచ్చని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా 2008 నుంచి చెబుతున్నాయి. పేగులకూ మెదడుకూ మధ్య నరాల ద్వారా నిరంతరం సమాచారం నడుస్తూ ఉంటుంది. ఐబీఎస్‌లో పేగు గోడలో పుండు కానీ గడ్డ కానీ ఉండదు, ఆ సమాచార మార్గం అవసరానికి మించి సున్నితంగా మారిపోతుంది. అందుకే మీ పరీక్షలన్నీ బాగున్నా మీ నొప్పి మాత్రం పూర్తిగా నిజమైనది. ‘అంతా మీ మనసులోనే ఉంది’ అని ఎవరైనా అని ఉంటే ఆ మాటను పట్టించుకోకండి.

మొదటి రోజు చాలామటుకు మాటలతోనే గడుస్తుంది. మీ జబ్బు చరిత్ర, మందులు, నిద్ర, భయాలు, మీరు ఏ మార్పు కోరుకుంటున్నారు అన్నవి అడిగి తెలుసుకుంటారు. తరువాతి సెషన్లలో కుర్చీలో వెనక్కు వాలి కూర్చోమని, ఒక బిందువును చూస్తూ ఉండమనో, శ్వాస మీద దృష్టి పెట్టమనో చెబుతారు. మెల్లగా కళ్లు మూసుకున్నాక పాదాల నుంచి భుజాల దాకా ఒక్కొక్క భాగాన్నీ వదులు చేయిస్తారు. అప్పుడు మీ అరచేతిని పొట్టమీద ఉంచి ఆ వెచ్చదనం లోపలికి పాకుతున్నట్టు భావించమంటారు; లేదా నీటి ప్రవాహాన్ని ఊహించమంటారు. మీరు రోజూ చూసే సాగర్ ఎడమ కాలువను, అది పొంగకుండా, ఆగకుండా ఒకే తీరున సాగుతున్నట్టు ఊహించుకోవచ్చు. ఇటువంటి పరిచయమున్న దృశ్యాలను రోగి చేతనే ఎంపిక చేయించడం మంచి చికిత్సకుల పద్ధతి. చివర అంకెలు లెక్కపెడుతూ మామూలు స్థితికి తీసుకువస్తారు. మొత్తం ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. సాధారణంగా వారానికి ఒకటి చొప్పున 7 నుంచి 12 సెషన్లు అవసరమవుతాయి. ఇంటి దగ్గర రోజూ సాధన చేయడానికి ఆడియో రికార్డింగు ఇస్తారు. ఈ ఇంటి సాధనను వదిలేస్తే ఫలితం సగంలోనే ఆగిపోతుందని గుర్తుంచుకోండి.

ఇది నిద్ర కాదు. చికిత్సకుల గొంతు, బయట ఆటో హారన్, పక్క గదిలో ఫోను మోగడం అన్నీ వినిపిస్తూనే ఉంటాయి; దృష్టి మాత్రం ఒకచోట కుదురుకుంటుంది. వద్దనుకుంటే ఎప్పుడైనా కళ్లు తెరిచి లేచి రావచ్చు. చెప్పకూడదనుకున్న మాటను మీ చేత బలవంతంగా చెప్పించే శక్తి ఈ పద్ధతికి లేదు. బోనాల పండుగకు శిగమూగేవారిని చూస్తూ పెరిగిన పెద్దవారికి ఇదీ అలాంటిదేనన్న అనుమానం రావడం సహజం. ఆ ఆచారానికి దాని స్థానం దానికి ఉంది. ఈ గదిలో మాత్రం ఎవరూ ఎవరినీ ఆవహించరు. అత్తగారినే వెంట తీసుకువెళ్లి, మొదటి సెషన్‌లో ఒక మూల కూర్చోబెట్టవచ్చా అని అడగండి. కారణం చెప్పకుండా తోడు ఉండనివ్వని చోటికి మీరు వెళ్లనవసరం లేదు.

అందరూ ఒకేలా స్పందించరు. కొందరు చికిత్సకులు ఇచ్చే సూచనలకు చాలా త్వరగా స్పందిస్తారు, కొందరు దాదాపు స్పందించరు, అధిక సంఖ్యాకులు మధ్యలో ఉంటారు. దీనికీ తెలివితేటలకూ, మనోబలానికీ సంబంధం లేదు. సెషన్ తరువాత కొద్దిసేపు మగతగా ఉండవచ్చు, అరుదుగా తలనొప్పి, తల తిరగడం, ఆందోళన రావచ్చు. లేనివి కనిపించడం, వినిపించడం వంటి తీవ్రమైన మానసిక వ్యాధి లక్షణాలున్నవారికి ఇది తగదు. మూర్ఛ ఉన్నవారు ముందుగానే చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది చికిత్సకుల అర్హత. సైకియాట్రిస్టు అయితే వైద్య మండలి రిజిస్ట్రేషను, క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషను నంబరు అడగండి. కొద్దిరోజుల కోర్సు చేసి గోడకు తగిలించుకున్న సర్టిఫికెట్ వైద్య అర్హత కాదు. నంబరు అడగడం అమర్యాద అవుతుందని మొహమాటపడకండి. ఇప్పుడు వాడుతున్న మందులను డాక్టరు గారు చెప్పేవరకు ఆపవద్దు. బరువు తగ్గడం, విరేచనంలో రక్తం పడటం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా మళ్లీ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా నాన్నగారికి 62 ఏళ్లు. ఫ్లోరైడు వల్ల నడుము వంగిపోయింది, మోకాళ్లు ముడుచుకోలేరు. హిప్నాటిజంతో నొప్పి పోతుందా?

జవాబు: నొప్పి కొంత తగ్గవచ్చు, ఎముకలో వచ్చిన మార్పు పోదు. నొప్పి అంటే కీలు నుంచి వచ్చే సంకేతం మాత్రమే కాదు, ఆ సంకేతాన్ని మెదడు ఎంత తీవ్రంగా అందుకుంటుందన్నది కూడా. ఆ రెండవ భాగం మీద ఈ పద్ధతి పనిచేస్తుంది. మత్తుమందులు ఇంకా వాడుకలోకి రాని 1845లో, బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాట్లాండు సర్జన్, దీనికి పూర్వరూపమైన మెస్మెరిజంతో రోగులకు శస్త్రచికిత్సలు చేసి ఆ వివరాలను రాసిపెట్టారు. అయితే నాన్నగారి విషయంలో ఇది మందులకు, ఫిజియోథెరపీకి తోడుగా మాత్రమే ఉండాలి. ఇంట్లో ఇంకా బోరు నీళ్లు తాగుతున్నారేమో ముందు చూడండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న నీళ్లు తాగుతూ ఉన్నంతకాలం ఏ చికిత్స అయినా వెనకబడుతుంది. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా వెన్నుపాము మీద ఒత్తిడి పడుతున్నదేమోనని అనుమానించి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర మా ఊరు. మా తమ్ముడు మేస్త్రీ పని చేస్తాడు, పదేళ్లుగా రోజూ కల్లు తాగుతాడు. రెండు రోజులు మానేస్తే చేతులు వణికాయి, నిద్ర లేదు, గోడమీద ఎవరో ఉన్నారని కేకలు వేశాడు. ‘ఒక్క సిట్టింగ్‌లో కల్లు, సిగరెట్ బంద్’ అనే బోర్డు చూశాము. తీసుకుపోవాలా?

జవాబు: దయచేసి అక్కడికి తీసుకువెళ్లవద్దు. మీరు రాసిన లక్షణాలు ప్రాణాపాయానికి దారితీయగలవు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతున్నారని పాలమూరు ప్రాంతంలో ఎన్నోసార్లు బయటపడింది. ఏళ్ల తరబడి వీటికి అలవాటుపడిన శరీరానికి అవి ఒక్కసారిగా అందకపోతే వణుకు, భ్రమలు, ఫిట్స్ వస్తాయి. అందుకు కావలసింది హిప్నాటిజం సూచనలు కాదు. ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో, మందును మెల్లమెల్లగా తగ్గిస్తూ చేసే చికిత్స. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి; హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ కూడా ఉంది. ఫిట్స్ వచ్చినా, మళ్లీ అలా కేకలు వేసినా 108కు ఫోను చేయండి. ఏం చేయాలో తోచనప్పుడు 14416 నంబరుకు, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రానికి, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆసుపత్రికి చేరేలోగా మీరే బలవంతంగా పూర్తిగా మాన్పించవద్దు.

సిగరెట్ సంగతి కూడా అడిగారు కనుక చెబుతున్నాము: హిప్నోథెరపీ ఇతర పద్ధతులకంటే మెరుగ్గా సిగరెట్ మాన్పిస్తుందని పరిశోధనలలో రుజువు కాలేదు. ఒక్క సిట్టింగ్ హామీ ఇచ్చేవారిని నమ్మకండి.

ప్రశ్న: పెళ్లిలో నా మూడు తులాల గొలుసు పోయింది. గదిలోకి ఎవరు వచ్చారో గుర్తు రావడం లేదు. హిప్నాటిజంతో గుర్తుకు తెప్పిస్తారా? (నాగర్‌కర్నూల్)

జవాబు: ఆ పని చేయించుకోకండి. ఆ స్థితిలో గుర్తొచ్చేవాటిలో నిజమూ ఊహా కలిసిపోతాయి. పైగా ఊహించిన దాని మీద కూడా గట్టి నమ్మకం కలుగుతుంది. హిప్నాసిస్‌లో తెచ్చుకున్న జ్ఞాపకాలు మామూలు జ్ఞాపకాలకంటే నమ్మదగినవి కావని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1985లోనే తేల్చి చెప్పింది. మీకు కనిపించిన ముఖం ఏ పాపమూ తెలియని బంధువుదో, పనిమనిషిదో అయితే ఆ నింద వారి జీవితాంతం వెంటాడుతుంది. ఫంక్షన్ హాలులో సీసీ కెమెరాలుంటే ఆ రికార్డింగు చెరిగిపోకముందే భద్రపరచమని అడిగి, పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి.